అందరికీ ఒకే శాలువా

నేను ఒక శాలువాను. చలికి కప్పుకునే శాలువా అనుకునేరు, ఆ జాతి వేరు. నాది సన్మానం జాతి. మెరూన్ రంగు, అంచున బంగారం కాని బంగారు జరీ, వేలు పెడితే అవతలికి వచ్చే పల్చటి నేత. మనిషి భుజాల మీద నేనుండేది ఫోటో తీసినంత సేపే. చప్పట్లు ఆగగానే నన్ను మడతపెట్టి కుర్చీ మీద పడేస్తారు.

పుట్టింది సూరత్‌లో మిషను మీద. అమ్ముడుపోయింది కాకినాడ మెయిన్ రోడ్డులో, డజను కట్టలో ఒకదాన్నిగా. కొన్నది ఓలేటి సూర్యప్రకాశం గారు. ఆయన బేరానికి కొట్టువాడు దణ్ణం పెట్టి, "మీకు తోచింది ఇచ్చి తీసుకెళ్ళండి బాబూ" అన్నాడు. ఆవకాయ సీసా పగలకుండా మమ్మల్ని దాని చుట్టూ చుట్టి, సూట్‌కేసులో పెట్టి కెనడా తెచ్చారు. ఇన్నేళ్ళయినా తేమగా ఉన్న రోజున నా దగ్గర కొంచెం ఆవఘాటు వస్తుంది.

టొరంటో దాటి కొంత దూరం పోతే హాథోర్న్ హిల్ అనే ఊరుంది. అక్కడ టైర్ల షాపు పక్కన అద్దె గోడౌన్‌లో సత్యనారాయణస్వామి వెలిశాడు. ఆ గుడి కమిటీకి సూర్యప్రకాశం గారే అధ్యక్షులు. ఆయనకు ఒకటే పిచ్చి, సన్మానం. బాగా పాడిన పిల్లకీ, పులిహోర బాగా కలిపినాయనకీ, చివరికి గుడి ముందు మంచు ఎత్తిపోసే ట్రాక్టరు డ్రైవరుకీ శాలువాలు కప్పారు. ఎవరి పేరు వినబడినా మైకు అందుకునేవారు. అలా నా తోడబుట్టినవాళ్ళంతా వెళ్ళిపోయి నేనొక్కదాన్నే మిగిలాను. సరిగ్గా అప్పుడే పార్లమెంటు ఎన్నికలు వచ్చిపడ్డాయి.

ఈ దేశంలో నలుగురిలో మతం మాట ఎత్తడం మర్యాద కాదట. ఓట్ల నెలలో మాత్రం అభ్యర్థులకు దేవుడి గడప తప్ప మరో గడప కనబడదు. మొదట వచ్చినవాడు గ్రెగ్, అప్పటికే ఎంపీ. శుక్రవారం మసీదు, శనివారం పొద్దున గురుద్వారా, మధ్యాహ్నం మా గుడి, ఆదివారం చర్చి. చెప్పులు విప్పే చోట తన సహాయకుడితో, "నా పెళ్ళి తర్వాత నేను చర్చికి వెళ్ళేది ఓట్ల నెలలోనే" అని నవ్వడం నేను విన్నాను. లోపలికి వచ్చాక మాత్రం స్వామి ముందు కళ్ళు ఎంత గట్టిగా మూసుకున్నాడంటే పూజారిగారే కంగారుపడ్డారు.

సూర్యప్రకాశం గారు నన్ను గ్రెగ్‌కి కప్పారు. ఫోటోలయ్యాయి. పార్కింగ్ స్థలం కావాలని కమిటీ అర్జీ పెట్టింది. పార్కింగ్‌కీ పార్లమెంటుకీ సంబంధం లేదు, అది ఊరి మున్సిపాలిటీ పని. ఆ సంగతి గ్రెగ్‌కి తెలుసు, కమిటీకీ తెలుసు. అయినా ఆయన తప్పకుండా చూస్తానన్నాడు, వీళ్ళు సంతోషించారు.

అసలు తమాషా వెళ్ళేటప్పుడు జరిగింది. గురుద్వారాలో తలకు కట్టుకోవడానికి గుమ్మం దగ్గర పెట్టెలో రుమాళ్ళుంటాయి. లేనివాళ్ళు తీసి కట్టుకుని, పోయేటప్పుడు మళ్ళీ అందులో వేసి వెళ్తారు. పొద్దున అక్కడ ఆ పని చేసివచ్చిన గ్రెగ్, నేను కూడా గుడివాళ్ళు అరువిచ్చే బట్టేననుకున్నాడు. నన్ను శుభ్రంగా మడతపెట్టి, చెప్పుల అల్మరా మీద పెట్టి, దణ్ణం పెట్టి మరీ వెళ్ళిపోయాడు.

కమిటీవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సూర్యప్రకాశం గారు నన్ను దులిపి, "ఆయ్, స్వామి లీలండీ!" అన్నారు. మరుసటి వారం క్లోయీ అనే కుర్ర అభ్యర్థిని వచ్చింది. ఇది పట్టా, పట్టుపురుగుల్ని చంపి చేశారా అని అడిగింది. అచ్చం పాలియెస్టరేనని మా అధ్యక్షులు గర్వంగా హామీ ఇచ్చారు. ఆమె కూడా గురుద్వారా మీదుగానే వచ్చింది కాబట్టి ఆమె కూడా నన్ను అల్మరా మీదే పెట్టి వెళ్ళింది.

మూడోసారి వచ్చినావిడ నేతల సుభాషిణి. అక్కడి ఆసుపత్రిలో నర్సు, మొదటిసారి ఎన్నికల్లో నిలబడింది. ఊరు తెనాలి. తెలుగువాళ్ళంతా "మన అమ్మాయి" అన్నారు గానీ, అంటూనే కాస్త గొంతు తగ్గించి "చర్చికెళ్తుందట" అని కలిపేవారు. నిజమే, ఊళ్ళోని పాత చర్చిలో ప్రతి ఆదివారం పాటల బృందంలో పాడుతుంది. ఆ చర్చి ఓట్లూ, ఈ గుడి ఓట్లూ రెండూ పడితేనే ఆమె గట్టెక్కేది.

ఆమె వచ్చింది, ప్రసాదం కళ్ళకద్దుకుని తింది. పూజారిగారు కుంకుమ పళ్ళెం చాపితే చేతులు జోడించి తల వంచింది, బొట్టు మాత్రం పెట్టుకోలేదు. సూర్యప్రకాశం గారు నన్ను కప్పారు. ఆమె నా అంచు సవరించుకుని, నన్ను భుజం మీద అలాగే ఉంచుకుని కారెక్కింది. గుమ్మంలో కమిటీ మొత్తం నోరు తెరుచుకుని నిలబడింది.

ఆ సాయంత్రానికి ఆ ఫోటో ఫోన్లన్నీ తిరిగింది. గుడివాళ్ళ గ్రూపులో "బొట్టు పెట్టుకోలేదు చూశారా" అన్నారు. చర్చివాళ్ళ గ్రూపులో "విగ్రహం ముందు నిలబడింది చూశారా" అన్నారు. ఫోటో ఒకటే. పాపం, రెంటికీ చెడ్డ రేవడి అయింది.

రెండు రోజులాగి సూర్యప్రకాశం గారు ఆమె ఇంటికి వచ్చారు. నేను సోఫా వీపు మీద ఉన్నాను. టీ తాగుతున్నంత సేపూ ఆయన చూపు నా మీదే.

"ఏం లేదమ్మా, ఇటు పోతూ వచ్చాను. అదీ... రేపు ఆ రిటైరైన పోలీసాయన వస్తున్నాడు, నాలుగో అభ్యర్థి. మన దగ్గర ఇంకో శాలువా లేదు, గ్రెగ్ దగ్గర్నుంచీ ఇదే తిప్పుతున్నాం. మీరేమీ అనుకోకపోతే..."

సుభాషిణి టీ కప్పు కింద పెట్టింది. "అంటే నాకు కప్పింది గ్రెగ్ విడిచిందాండీ?"

"విడిచింది అనకండమ్మా. మడతపెట్టి ఇచ్చాడు."

ఆమె నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "ఇవ్వనండీ. ఆ రోజు గుళ్ళో అందరూ నా నుదురు చూశారు. మీరొక్కరే పిలిచి శాలువా కప్పారని సంతోషపడ్డా. కప్పిన శాలువా ఎవరైనా తిరిగిస్తారా?"

ఆయన టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయారు. మర్నాడు పోలీసాయనకు పువ్వుల బల్లగుడ్డ కప్పారని తర్వాత తెలిసింది. ఆయనా బుద్ధిగా తిరిగి పెట్టేశాడట.

పోలింగుకు ముందు వారం చర్చి కింద హాల్లో అభ్యర్థుల చర్చ పెట్టారు. ఊరంతా వచ్చింది. వెనక వరసలో మా కమిటీ, నడుమ సూర్యప్రకాశం గారు. ఎవరో ఒకరు అడుగుతారని తెలిసే సుభాషిణి నన్ను సంచిలో వేసుకుని వచ్చింది. అడగనే అడిగింది ఈవ్‌లిన్, పాటల బృందంలో ఆమె పక్కనే నిలబడే పెద్దావిడ.

"ఆదివారం నా పక్కన నిలబడి పాడతావు. శనివారం ఆ గుళ్ళో శాలువా కప్పుకుని నిలబడ్డావు. ఇంతకీ నీ నమ్మకం ఏది?"

కళ్ళు గట్టిగా మూసుకున్న గ్రెగ్‌ని ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నమ్మకం లేనివాడు ఏ గడప తొక్కినా ఫరవాలేదు, ఉన్నవాళ్ళకే తంటా. నాకు ఒళ్ళు మండిపోయింది.

సుభాషిణి నన్ను సంచిలోంచి తీసింది. తీయగానే గ్రెగ్ లేచాడు. "అరే, ఇది నాకూ కప్పారే!"

"నాకు కూడా!" అంది క్లోయీ.

"నాకు మాత్రం పువ్వులది," అన్నాడు పోలీసాయన అయోమయంగా.

హాలంతా గొల్లుమంది. సూర్యప్రకాశం గారి తల ఒళ్ళోకి వంగిపోయింది. గుడి పరువు నలుగురిలో గంగపాలైంది. సుభాషిణికి అదే అదను. నన్నూ మోసం చేశారని ఒక్క మాట అంటే చాలు, చర్చి ఓట్లన్నీ గంపగుత్తగా ఆమెవే.

ఆమె నవ్వులు ఆగేదాకా ఆగింది. "నేను క్రీస్తుని నమ్ముతాను ఈవ్‌లిన్, దాచాల్సిన పని లేదు. ఇది నాకు కప్పింది 'అవర్ టెంపుల్'. అక్కడ అందరికీ ఒకటే శాలువా, ఎవరూ ఎవరికన్నా ఎక్కువ కాదని. గౌరవంగా కప్పారు, గౌరవంగా తీసుకున్నాను."

సగం హాలు చప్పట్లు కొట్టింది. ఈవ్‌లిన్ "ఊఁ" అని కూర్చుంది. సూర్యప్రకాశం గారు మాత్రం తలెత్తి ఆమె వైపు చూశారు.

సుభాషిణి ఓడిపోయింది. గ్రెగ్ గెలిచాడు. గుడికెళ్ళిందని కొందరు, చర్చికెళ్తుందని కొందరు ఆమెకు వెయ్యలేదు. మిగతావాళ్ళకు ఇంటి అద్దెల గొడవ తప్ప దేవుళ్ళ గొడవ పట్టలేదు.

ఓడినా గెలిచినా ఇళ్ళ ముందు పాతిన ప్రచారం బోర్డులు ఎవరివి వాళ్ళు పీక్కోవాలి. ఆ పని మీద సుభాషిణి బయల్దేరితే సూర్యప్రకాశం గారు సాయానికి వచ్చారు. అక్టోబరు చివరి గాలి ఎముకలు కొరుకుతోంది. ఆయన పల్చటి కోటుతో వచ్చి, బోర్డు పీకుతూ వణికిపోతున్నారు.

"అమ్మా, ఒక్క మాట అడుగుతాను. ఆ రోజు అవర్ టెంపుల్ అన్నారు. ఇంగ్లీషులో తేలదు గానీ, మా గుడి అన్నారా, మన గుడి అన్నారా?"

సుభాషిణి బోర్డుకంటిన మట్టి దులుపుకుంది. "వాళ్ళతో అన్నాను కాబట్టి అక్కడ మా గుడి అండీ. మీతో అయితే మన గుడి."

ఆమె కారులోంచి నన్ను తీసుకొచ్చి ఆయన భుజాల మీద కప్పింది. మైకు లేదు, ఫోటో లేదు, చప్పట్లు లేవు. ఊళ్ళో అందరికీ కప్పిన ఆ మనిషి వేళ్ళు నా జరీ అంచు మీద తచ్చాడాయి.

"నాకెప్పుడూ ఎవరూ కప్పలేదమ్మా," అన్నారు. అని అలవాటు కొద్దీ నన్ను తీసి, మడతపెట్టి ఆమె చేతికివ్వబోయారు.

"కప్పిన శాలువా ఎవరైనా తిరిగిస్తారాండీ?"

ఆయన మడత విప్పి మళ్ళీ కప్పుకున్నారు. వేలు దూరే నేత నాది, ఆ గాలిని నేను ఆపలేనని నాకు తెలుసు. అయినా ఆయన నన్ను దగ్గరగా లాక్కుని, "వెచ్చగా ఉందమ్మా" అన్నారు.