పద్మనాభయ్య చెల్లెలు చదివిన నవల

ఒకే పుస్తకాన్ని మూడుసార్లు ఎందుకు తెప్పించుకుంటుంది? కోట ఊరి గ్రంథాలయ సంఘం అధ్యక్షుడు పద్మనాభయ్యను వారం రోజులుగా ఇదే అనుమానం తొలుస్తోంది. పందొమ్మిదేళ్లకే భర్త పోయి పుట్టింటికొచ్చిన చెల్లెలు రాఘవమ్మ పుస్తకాలు చదువుతుంటే ఆయనకు ముచ్చటే. ఆడవాళ్లు గ్రంథాలయానికి రారు కనుక, లైబ్రేరియన్ జకరయ్య ప్రతి శుక్రవారం ఇళ్లకు పుస్తకాలు తెచ్చిచ్చే ఏర్పాటు చేసిందీ ఆయనే. కానీ మూడుసార్లా?

అదో పోర్చుగీసు నవలకు తెలుగు అనువాదం. ప్రేమించిన పాపానికి కూతుర్ని సన్యాసినుల మఠంలో పెట్టించిన తండ్రి కథ. చదివి ఆయనా కళ్లు తుడుచుకున్నాడు. పోయిన నెల, అరవై రెండు మార్చిలో, వార్షికోత్సవ సభలో ఆ తండ్రిని దుమ్మెత్తిపోసి, వితంతువులకు మళ్లీ పెళ్లిళ్లు చేయాలని మైకులో గంటసేపు మాట్లాడాడు. చప్పట్లు బాగానే పడ్డాయి.

చెల్లెలు పెరట్లో ఉన్నప్పుడు ఆ పుస్తకం తిరగేశాడు. ఉత్తరం లేదు. పెన్సిలు గీత కూడా లేదు. మధ్య పేజీల్లో మాత్రం ఎండిన కనకాంబరం ఉంది. పూలు పెట్టుకోని మనిషికి పువ్వెక్కడిది? జకరయ్య వచ్చినప్పుడల్లా మంచినీళ్లు అడుగుతాడు. శుక్రవారాలే ఇస్త్రీ చొక్కా వేస్తాడు. ఇన్నాళ్లూ పట్టించుకోనివన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

"ఈ పువ్వు ఎవరిచ్చినారు?" అని నిలదీశాడు.

"ఎవరూ ఇయ్యలేదన్నా. మన పెరట్లోదే. తల్లో పెట్టుకోకూడదు గదా, పుస్తకంలో పెట్టుకున్నా."

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. అనుమానించినందుకు సిగ్గుపడబోయాడు కూడా.

"అడిగినావు కాబట్టి చెప్తుండా," అంది రాఘవమ్మ నెమ్మదిగా. "జకరయ్య గారు నన్ను పెళ్లి చేసుకుంటానంటుండారు. ఆదివారం వచ్చి నిన్ను అడగతారు. ఆ రోజు మైకులో నీ మాటలు ఇంటిదాకా వినపడినాయన్నా. అప్పుడే మాకు ధైర్యమొచ్చింది."

పద్మనాభయ్య చెప్పింది ఊళ్లో వితంతువుల గురించి. తన ఇంట్లోనూ ఒకతె ఉందన్న సంగతి ఆయనకు తట్టనే లేదు. పైగా వాడు కిరస్తానీవాడు.

ఆదివారం రాకముందే, పుస్తకాలు మాయమవుతున్నాయని నింద వేసి జకరయ్యను ఉద్యోగంలోంచి తీయించాడు. పాపం, ఒక్క పుస్తకమూ పోలేదు. రాఘవమ్మను బోగోలులో మేనత్త చెంచమ్మ ఇంటికి పంపే ఏర్పాటు చేశాడు. అత్తకు ఒంట్లో బాగాలేదని, తోడుకు పంపుతున్నానని ఊరందరికీ చెప్పాడు. గుండ్రాయిలా ఉండే ఆ చెంచమ్మ ఇంట్లో వీధి తలుపు తీయరని అందరికీ తెలుసు. అయినా నమ్మినట్టే తలూపారు.

బస్సు దగ్గర ఆయన కళ్లు తుడుచుకున్నాడు. చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన పిల్ల.

"నెల తిరక్కుండానే వచ్చి చూస్తాలేమ్మా," అంటూ ఆమె పెట్టె అందుకోబోయాడు.

రాఘవమ్మ పెట్టెను తన వైపుకు లాక్కుంది.

"మీకెందుకు శ్రమ, పద్మనాభయ్య గారూ," అంది.