లాకు దగ్గర ఒక పేరు

ఇలా దగ్గరికి జరగండమ్మా, ఆ ఫ్యాను చప్పుడులో నా మాట మీకు ఆనదు. మన పక్కింటి భద్రమ్మ సంగతి చెబుతాను.

భద్రమ్మ మనవరాలు ప్రత్యూష ఆదివారం తోటివాళ్ళతో కలిసి బెంజ్ సర్కిల్ నుంచి పెడన దాకా సైకిలు తొక్కాలనుకుంది. హ్యాండిలుకి బిగించే చిన్న జీపీఎస్ ఉందిగా, దానికోసం దారి పొడుగునా చోట్లకు పేర్లు పెడుతోంది. దగ్గరికి రాగానే కుయ్యిమని ఆ పేరు చూపిస్తుందట.

"కంకిపాడులో మంచినీళ్ళు. గుడివాడలో టిఫిను. గుడ్లవల్లేరు కాలవ లాకు దగ్గర తాతయ్య అని పెట్టనా మామ్మా?"

భద్రమ్మ వలుస్తున్న చిక్కుడుకాయ చేతిలో అలాగే ఉండిపోయింది.

ఆమె పెనిమిటి సత్యం పెడనలో నేతగాడు. నేసిన చీరలు సైకిలుకి కట్టుకుని ఊళ్ళ మీద అమ్ముకొచ్చేవాడు. బయలుదేరే మనిషిని ఎక్కడికని అడగకూడదంటారు కదా, ఆమె ఏనాడూ అడగలేదు. రోహిణి కార్తెలో ఒకనాడు పొద్దుగూకినా అతను రాలేదు. ఎటు వెళ్ళాడో తెలియక మరిదిని వెంటబెట్టుకుని బందరు దారంతా వెతికింది. అతనేమో గుడ్లవల్లేరు దారిలో, లాకు గట్టున, వడదెబ్బకు పడిపోయి ఉన్నాడు. కట్టెలకొచ్చిన మార్త అనే ఆవిడ అతని తల ఒళ్ళో పెట్టుకుని, కొంగు తడిపి నోట్లో పిండుతూ, ప్రాణం పోయేదాకా కదల్లేదట. పోయాక కూడా అక్కడే కూచుంది. కబురందుకుని వెళ్ళిన చుట్టాలు శవాన్ని తెచ్చుకున్నారు గానీ ఆవిడకు ఒక్క మంచి మాట చెప్పలేదు. చెబుదామని భద్రమ్మ వెళ్ళేసరికి ఏళ్ళు గడిచాయి. అప్పటికే మార్త కూడా పోయింది.

"తాతయ్య అని వద్దే. మార్త అని పెట్టు," అంది.

"ఆవిడెవరు మామ్మా?"

చెప్పింది భద్రమ్మ. "మీ తాత పేరు మనింట్లో పూటకోసారి తలుస్తాం. నేనుండాల్సిన చోట ఆవిడుంది తల్లీ. ఆవిడ పేరు ఎవరూ ఎత్తరు."

ప్రత్యూష జీపీఎస్ చేతిలోకి తీసుకుంది. "ఇందులో పొడుగు పేర్లు పట్టవు. ఇది పడుతుందిలే," అని రాసి, ఆ దారిని తోటివాళ్ళందరికీ పంపింది.

ఆదివారం లాకు దగ్గర అన్ని సైకిళ్ళూ కుయ్యిమన్నాయి.

"మార్త ఏంటి, మెస్సా? ఇడ్లీ దొరుకుద్దా?" అన్నాడు సిద్ధార్థ అనే కుర్రాడు.

ప్రత్యూష దిగి ఉన్నదంతా చెప్పింది. అతను హెల్మెట్ తీసి చేత పట్టుకున్నాడు. గట్టున ఎండుగడ్డి తప్ప ఏమీ లేదు.

ఇంటికి రాగానే భద్రమ్మ ఒకటే అడిగింది. "పేరు కనబడిందా?"

"అందరికీ కనబడింది మామ్మా."

భద్రమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు కూచుంది.

మీరెప్పుడైనా బస్సులో ఆ లాకు దాటితే పక్కవాళ్ళకి ఈ సంగతి చెప్పండమ్మా. ఎవరో ఒకావిడ అనకండి. మార్త అనండి.