ఆగకుండా వచ్చే బండి

బావ ఆమెకు పెట్టిన పేరు బొమ్మలమ్మ. చదివిన చదువంతా ఫోన్‌లో బొమ్మల్ని గెంతించడానికేనా అని ఏడిపించడానికి పెట్టాడు, చివరికి అదే ఖాయమైపోయింది. ఆమె కూడా తక్కువదేం కాదు. మీరు పొద్దస్తమానం నొక్కే గుర్తులన్నీ మాలాంటివాళ్లు కదిలిస్తేనే కదులుతున్నాయి బావా, లేకపోతే ఎక్కడివక్కడ పడుంటాయి అని దెప్పేది. గంట గుర్తు ఊగడం, గుండె గుర్తు ఉబ్బడం, టిక్కు గీత తనంతట తానే గీసుకోవడం, ఇవన్నీ ఆమె చేతిపని.

ఆ మధ్య వాళ్ల ఆఫీసు అంబులెన్స్ పిలిచే యాప్ ఒకటి చేసింది. బటన్ నొక్కితే దగ్గర్లో ఉన్న బండి బయల్దేరుతుంది. అది ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ మీద చిన్న తెల్ల బండి బొమ్మ చూపిస్తుంది. అసలు బండి నుంచి సిగ్నల్ అందినప్పుడల్లా బొమ్మ కాస్త ముందుకు జరుగుతుంది, అందకపోతే ఆగిపోతుంది. అలా ఆగినప్పుడల్లా జనం హడలిపోయి కస్టమర్ కేర్ వాళ్లను తిట్టిపోస్తున్నారట. మేనేజరు బొమ్మలమ్మను పిలిచి, బొమ్మ ఆగకూడదు, ఏం చేస్తావో చెయ్యమన్నాడు. ఆమె చేసేసింది. సిగ్నల్ పోయినా సరే, బండి ఈపాటికి ఇక్కడిదాకా వచ్చుంటుందిలే అని లెక్కగట్టుకుని బొమ్మ దారి వెంట వస్తూనే ఉంటుంది. ఇల్లు దగ్గరపడేకొద్దీ నడక తగ్గించుకుంటుంది గానీ ఆగదు. చివరి మలుపు దగ్గర ఎంతసేపైనా అలా పాకుతూనే ఉంటుంది. తిట్లు తగ్గిపోయాయి. ఆఫీసులో ఆమెను నెత్తిన పెట్టుకున్నారు. అంతమంది మెచ్చుకుంటుంటే అందులో తప్పు ఎవరికి కనబడుతుంది చెప్పండి?

ఒక సెలవురోజు మధ్యాహ్నం ఆమె అక్కావాళ్లింటికి వెళ్లింది. బావ స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాడు. సగంలో దిగిపోయి, ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు. పని తప్పించుకోవడానికి వేషాలు వేస్తున్నాడని అక్క వంటింట్లోంచే వెక్కిరించింది. బొమ్మలమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే ఆయన మొహం వైపు చూసి ఆగిపోయింది. చొక్కా అంతా తడిసిపోయింది, పెదాలు పాలిపోయాయి. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుందని గొణుగుతూ నేల మీద గోడకు చేరగిలబడ్డాడు.

అక్క వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఫోన్ అందుకుని, చెల్లెలు పనిచేసిన యాపే కదా అని ఆ బటన్ నొక్కింది. టిక్కు గీసుకుంది. బండి బొమ్మ బయల్దేరింది. హమ్మయ్య అనుకుని అక్క ఫోన్‌ను ఆయన చేతికిచ్చింది, చూస్తూ ఉంటే ధైర్యంగా ఉంటుందని.

నిజంగానే ఉంది. బావ కళ్లు ఆ బొమ్మ మీదే పెట్టుకుని ఊపిరి నెమ్మదిగా తీస్తున్నాడు. "మా మరదలు తోలుతున్న బండి ఇది, రాకుండా ఎక్కడికి పోతుంది?" అని నవ్వబోయాడు కూడా. ఆ నొప్పిలోనూ ఆయనకు వేళాకోళమే.

బొమ్మలమ్మ పక్కనే కూర్చుని చూస్తోంది. మొదట్లో బొమ్మ కుదుపులతో వచ్చింది, కాస్త ఆగి, కాస్త ఉరికి. అంటే సిగ్నల్ అందుతోంది, అసలు బండి కదులుతోంది. వంతెన ఎక్కిన దగ్గర్నుంచి ఆ కుదుపులు పోయాయి. బొమ్మ నున్నగా జారుకుంటూ వస్తోంది. ఆమెకు ముచ్చెమటలు పోశాయి. చూసేవాళ్లకు ఆ నడక ఎంతో హాయిగా ఉంటుంది, చేసిన మనిషికి మాత్రం బండి నుంచి కబురు లేదని దాని అర్థం. సంత వీధి మలుపు కూడా వేగం తగ్గకుండా తిరిగేసింది. సెలవురోజు ఆ వీధిలో సైకిలు దూరడమే కష్టం.

ఫోన్ మాట్లాడి వస్తానని బాల్కనీలోకి వెళ్లింది. డ్రైవర్ నంబరు కలవలేదు. కస్టమర్ కేర్‌కు చేస్తే, మీ వాహనం దారిలో ఉంది, రోగిని కదిలించకండి అని రికార్డు చేసిన గొంతు తీయగా చెప్పింది. అదే మాట మళ్లీ మళ్లీ. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

భయం అంటే ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది. చెబితే? ఆ బొమ్మను చూసుకునే ఆయన ఊపిరి తీస్తున్నాడు, అది ఉత్తదని తెలిస్తే ఉన్న ధైర్యం కూడా పోతుంది. ఆయన్ని మెట్లు దింపాక బండి నిజంగానే వస్తే? అందులో ఆక్సిజన్ ఉంటుంది, తెలిసిన మనిషి ఉంటాడు. దింపకుండా కూర్చుంటే, అసలు రాకపోతే? లోపలి నుంచి అక్క గొంతు వినబడింది, వీధి మూలకు వచ్చేసిందే అని. ఆ గొంతులో సంతోషం విని బొమ్మలమ్మ వీధిలోకి వంగి చూసింది.

బాల్కనీలోంచి ఆ మూల బాగా కనబడుతుంది. అక్కడ ఒకాయన బకెట్ పెట్టుకుని స్కూటర్ కడుక్కుంటున్నాడు. ఇంకేమీ లేదు.

ఆమె లోపలికి వెళ్లి అక్క రెక్క పట్టుకుని బాల్కనీలోకి లాక్కొచ్చింది.

"అక్కా, ఆ మూల చూడు. బండి ఉందా?"

"లేదు. వచ్చేస్తుందేమోనే, మూలకొచ్చిందని చూపిస్తోందిగా."

"అది అక్కడే పాకుతూ ఉంటుందక్కా. దాన్ని నడిపిస్తోంది బండి కాదు, నేను పెట్టిన లెక్క. జనం కంగారు పడకూడదని అలా చేశాం. అసలు బండి ఎక్కడుందో ఎవరికీ తెలీదు."

అక్క ఆమెను ఒక్క చూపు చూసింది. చెంప మీద కొట్టినా బాగుండేది. మెట్లవైపు పరిగెత్తి కింద వాటా తలుపు దబదబా బాదింది.

కింద వాటాలో ఉండేది డ్రైవింగ్ స్కూల్ ఆయన. నేర్పేవాళ్ల వైపు కూడా ఒక బ్రేకు ఉన్న కారు ఆయనది. బొమ్మలమ్మ బావ చేతిలోంచి ఫోన్ తీసుకోబోతే ఆయన వదల్లేదు. బండి వచ్చేసిందిగా, మూల మీదే ఉందిగా అన్నాడు. మనమే ఎదురెళ్దాం బావా అని అబద్ధమాడింది. ఆ పూట ఆమె చేసిన మంచిపని అదొక్కటే. ముగ్గురూ కలిసి బావను కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా దింపారు. జీవితమంతా పదిమందికి నెమ్మదిగా పోవడం నేర్పిన ఆ మనిషి, ఎర్ర లైటు చూసి కూడా ఆగకుండా హారన్ నొక్కుకుంటూ పోనిచ్చాడు. దారిలో ఒకచోట బావ తల వాలిపోయింది. అక్క అరిచిన అరుపుకు బొమ్మలమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి. చెంపలు తట్టి, పేరు పెట్టి పిలిచి, బతిమాలి ఎలాగో కళ్లు తెరిపించారు.

ఆసుపత్రిలో ఆయన్ని లోపలికి తీసుకెళ్లి తలుపులు మూశారు. వరండాలో అక్కాచెల్లెళ్లిద్దరూ చెరో కుర్చీలో కూర్చున్నారు, మధ్యలో ఒక కుర్చీ ఖాళీ. అక్క ఆమె వైపు చూడలేదు. అప్పుడు మోగింది బొమ్మలమ్మ ఫోన్. అంబులెన్స్ డ్రైవర్. వంతెన మీద లారీ అడ్డంగా పడిందమ్మా, ముందుకూ వెనక్కూ దారి లేదు, ఇప్పుడే సిగ్నల్ వచ్చింది, పేషెంటు ఎలా ఉన్నాడు అని పాపం ఆదుర్దాగా అడిగాడు.

చాలాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చింది. రక్తనాళం పూడుకుపోయింది, తెరిచాం, ప్రాణానికి ఇక ఫర్వాలేదు అంది. బండి కోసం చూస్తూ ఇంట్లోనే కూర్చునుంటే మా చేతుల్లో ఏమీ ఉండేది కాదని కూడా అంది.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుపు తగ్గాక లేచి మధ్య కుర్చీలోకి జరిగి చెల్లెలి చెయ్యి పట్టుకుంది. బొమ్మలమ్మకు ప్రాణం లేచొచ్చింది, క్షమించేసిందనుకుంది.

"మా ఇంట్లో నువ్వున్నావు కాబట్టి సరిపోయింది," అంది అక్క. "మిగతా ఇళ్లలో ఎవరుంటారే?"

వంతెన మీద ఆ లారీ ఇంకా అడ్డంగానే ఉండుంటుంది. దాని వెనక ఇంకెన్ని బండ్లు ఆగిపోయాయో, ఎవరెవరి ఇళ్లలో ఆ బొమ్మ వీధి మూల దాకా వచ్చేసిందో. ఎవరు దాన్ని చేతిలో పెట్టుకుని, వచ్చేసింది వచ్చేసింది అని పక్కవాళ్లకు ధైర్యం చెబుతున్నారో.

బొమ్మలమ్మ మేనేజరుకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. సెలవురోజు కదా, ఎత్తలేదు. ఆమె మళ్లీ చేసింది.