ఫార్మాట్ అక్కర్లేని కంప్యూటర్

నా బావమరిది కొడుకు ఉమామహేష్ మా షాపు కంప్యూటర్‌ను అక్కర్లేకుండా ఫార్మాట్ చేశాడు. అందులో నా భార్య రేవతి పదకొండేళ్లు టైపు చేసిన పాటలు పోయాయి. రెండు వందల ముప్పై ఎనిమిది పాటలు. కంప్యూటర్‌లో ఏ లోపమూ లేదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

చోడవరంలో బస్ కాంప్లెక్స్ ఎదురు సందులో మాది డీటీపీ షాపు. జిరాక్సు, లామినేషను నా పని. టైపు రేవతి పని. నేను చీడికాడ దగ్గర పల్లెలో పదో తరగతి చదివి, చెరకు పండించినవాణ్ని. ఆమె ఇంటరు చదివి, టైపు నేర్చుకుని వచ్చింది. శుభలేఖలు, దినకార్యం కార్డులు, ఫ్లెక్సీలు అన్నీ ఆమె చేతిమీదుగానే వెళ్లేవి. టేబులు మీద రెండు మానిటర్లు ఉండేవి. ఒకటి ఆమె వైపు, ఒకటి వచ్చినవాళ్ల వైపు. ఆమె టైపు చేసేది అప్పటికప్పుడు అటువైపూ కనిపించేది. పేర్లలో తప్పులుంటే అక్కడే చెప్పాలి. కార్డులు అచ్చయ్యాక మా పెదనాన్న పేరు వదిలేశారని దెబ్బలాటకు వచ్చేవాళ్లతో విసిగి ఆమె పెట్టుకున్న పద్ధతి అది.

పింఛను కాగితాల జిరాక్సుకు పల్లెల నుంచి ముసలమ్మలు వచ్చేవారు. బస్సుకు టైముంటే రేవతి వాళ్లను ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టేది. ఊడుపుల్లో పాడినవి, నలుగు పెట్టేటప్పుడు పాడినవి, పిల్లను అప్పగించేటప్పుడు పాడినవి అడిగేది. కె.కోటపాడు వైపు నుంచి అచ్చియ్యమ్మ అని ఒకామె వచ్చింది.

"సిగ్గేస్తందమ్మా. పళ్లు కూడా లేవు నాకు," అంది.

"పాట పళ్లతో పాడతారేటి పిన్నీ? నువ్వు పాడు, నేను కొడతాను," అంది రేవతి.

అచ్చియ్యమ్మ పాడుతుంటే ఎదుటి మానిటర్ మీద వరసలు ఒకదాని కింద ఒకటి పడుతూ వచ్చాయి. ఆమెకు చదువు రాదు. అయినా మధ్యలో పాట ఆపి, కుర్చీ ముందుకు జరుపుకుని, "ఇదంతా నేను పాడిందేనేటి? ఇంత పొడుగుందా!" అంది. ఆ రోజు రెండు బస్సులు వదిలేసుకుంది.

ముందు కాగితం మీద రాసుకునే అలవాటు రేవతికి లేదు. విన్నది విన్నట్టు టైపు చేసేది. అన్నీ అయ్యాక ఒకేసారి దిద్ది పుస్తకం వేద్దామంది. అవి అవకుండానే ఆమె పోయింది.

సంవత్సరీకం నాడు వచ్చినవాళ్ల చేతిలో పోయినవాళ్ల పేరున ఒక చిన్న పుస్తకం పెట్టడం మావైపు ఉంది. అందరూ స్తోత్రాలు వేయించి పంచుతారు. నేను రేవతి పాటలు పంచుతానని చుట్టాలందరికీ చెప్పాను. ప్రెస్సులో చెప్పాను. పాడినవాళ్లలో బతికున్నవాళ్లకు కబురు కూడా పంపాను. ఇంకా ఇరవై రోజులుంది.

అప్పుడు మానిటర్లు మొరాయించాయి. భోజనం చేసి వచ్చి మౌసు కదిపితే రెండూ నల్లగానే ఉన్నాయి. సీపీయూ లైటు వెలుగుతోంది, లోపల ఫ్యాను తిరుగుతోంది. కీబోర్డులో అంకెల లైటు నొక్కితే వెలిగి, మళ్లీ నొక్కితే ఆరుతోంది. అంటే కంప్యూటర్ మేలుకునే ఉంది. చూపించాల్సినవే చూపించడం లేదు.

సీపీయూ వెనక ఒక చిన్న నల్ల డబ్బా ఉంది. సీపీయూ నుంచి వచ్చే ఒక్క వైరును రెండు మానిటర్లకూ పంచుతుంది. మునుపు అది లేదు, రెండిటికీ నేరుగా రెండు వైర్లు ఉండేవి. రేవతి పోయాక ఎలుక ఒక వైరు కొరికితే, ఉమామహేష్ వచ్చి, ఒక్క వైరు చాలని చెప్పి ఈ డబ్బా పెట్టి పోయాడు. నేను దాని ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాను. రెండు మానిటర్లూ వెంటనే వచ్చాయి. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కాసేపు వదిలేస్తే నలుపు. డబ్బా ప్లగ్గు పీకి పెడితే వెలుగు. దీనికో దారి చూడమని ఉమామహేష్‌కు ఫోన్ చేశాను.

వాడికి ఇరవై ఏడేళ్లు. మాకు పిల్లలు లేరు కనుక చిన్నప్పుడు ఎక్కువగా మా దగ్గరే ఉండేవాడు. కీబోర్డు మీద చెయ్యి పెట్టడం రేవతి దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడు ఊళ్లో కంప్యూటర్లు బాగుచేస్తాడు. వచ్చేటప్పుడే చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని వచ్చాడు.

"ఏటయింది మావయ్యా?"

"కంప్యూటర్ నడుస్తంది. బొమ్మ రావట్లేదు. ఈ డబ్బా ప్లగ్గు పీకి పెడితే వస్తంది. ముందు ఇది సూడు."

"విండోస్ పోయింది."

"డబ్బా పీకితే వస్తంటే విండోస్ ఎలా పోద్దిరా?"

"నీకు తెలీదులే మావయ్యా. ఫార్మాట్ కొట్టి ఎన్నాళ్లయింది? నాలుగేళ్లు అవుతాదేటి? మరి పోదేటి? అరగంటలో కొత్తదాన్లా సేసేస్తాను."

మా ఊళ్లో కంప్యూటర్లకు ఒకటే మందు. ప్రింటరు కదలకపోయినా ఫార్మాటే, స్పీకరు పలకకపోయినా ఫార్మాటే. జబ్బేమిటో వెతకడానికి బుర్ర పెట్టాలి. ఫార్మాట్‌కు పెన్‌డ్రైవు పెడితే చాలు.

"మీ అత్త పాటలున్నాయిరా అందులో. జాగర్త," అన్నాను.

"డి డ్రైవ్ ముట్టుకోను మావయ్యా. అత్తవన్నీ అందులోనే ఉంటాయి. నాకు తెలీదేటి?"

చూసి చెప్పలేదు. ఉంటాయని చెప్పాడు. పాటలు డెస్క్‌టాప్ మీద, కంప్యూటర్ తెరవగానే ఎడమవైపు మూలన కనిపించేలా ఉండేవి. ఎదురుగా కనిపించేదంతా సి డ్రైవ్‌లో, అంటే ఫార్మాట్ తుడిచేసే భాగంలోనే, ఉంటుందని నాకు తెలియదు. వాడికి తెలుసు. అదే వాడి బతుకుతెరువు. ఎవరో కోర్టు కాగితాలు తెచ్చి ముప్పై పేజీలు జిరాక్సు అడిగితే నేను అటు తిరిగాను. ఇటు తిరిగేసరికి నొక్కేశాడు.

పని అయ్యాక తెర మీద నీలం రంగు తప్ప ఏమీ లేదు.

"పాటలేవిరా?"

డి డ్రైవ్ తెరిచాడు. శుభలేఖలున్నాయి. దినకార్యం కార్డులున్నాయి. కిందికీ పైకీ నాలుగుసార్లు జరిపాడు. అప్పుడు చెవి దగ్గరి ఫోను తీసి జేబులో పెట్టాడు.

"అత్త డెస్క్‌టాప్ మీద పెట్టిందేటి?"

"రోజూ సూసేవోడివి. నన్నడుగుతావేటి?"

"అందరూ డి లోనే పెట్టుకుంటారు మావయ్యా..."

"ఆ అందరి దగ్గరికీ పోరా. ఇక్కడికెందుకొచ్చేవు?"

ఏదో సాఫ్ట్‌వేర్ వేసి లాగుతానన్నాడు. పక్కకు తప్పుకోమన్నాను. కదలకపోతే కుర్చీ లాగేశాను.

ఆ సాయంత్రం టీ తాగి వచ్చి మౌసు కదిపాను. రెండు మానిటర్లూ నల్లగానే ఉన్నాయి.

కొత్త విండోస్, ఖాళీ కంప్యూటర్, అదే నలుపు. నేను షట్టరు సగం దించి కుర్చీలో కూర్చున్నాను. డబ్బాను పూర్తిగా తీసేసి, వైరును ఒక్క మానిటర్‌కు నేరుగా పెట్టాను. కంప్యూటర్‌ను కదపకుండా వదిలేశాను. అది నిద్రలోకి పోయాక మౌసు తాకాను. మానిటర్ లేచింది. మూడుసార్లు అలాగే చేశాను. మూడుసార్లూ లేచింది. అదే వైరుతో రెండో మానిటర్‌ను చూశాను. అదీ లేచింది. మళ్లీ డబ్బా మధ్యలో పెట్టాను. లేవలేదు. ఇంకోసారి చూశాను. లేవలేదు. పక్క వీధిలో ఇంకో వైరు కొనుక్కొచ్చి మునుపటిలాగే రెండిటికీ నేరుగా పెట్టాను. ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా మొరాయించలేదు.

పదో తరగతి చదివినవాడికి దీనికి ముప్పావుగంట పట్టింది.

మర్నాడు సీపీయూను గోనెసంచిలో చుట్టి విశాఖపట్నం తీసుకెళ్లాను. పోయినవి తీసి ఇచ్చే చోటు ఒకటుందని విన్నాను. అక్కడ అశ్విని అనే అమ్మాయి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది కొత్తరకం డిస్కండీ. ఫార్మాట్ చేసి, మీద విండోస్ కూడా ఎక్కించేశారు. పాత హార్డ్ డిస్క్ అయితే కొంతైనా వచ్చేది. దీంట్లో ఏం మిగల్లేదు," అంది.

"ఒక్క పాటైనా?"

"లేదండీ. అసలెందుకు ఫార్మాట్ చేశారు?" అని అడిగింది.

"మానిటర్లు లేవలేదని."

ఆ అమ్మాయి నా ముఖం చూసి తలదించుకుంది. "దానికి ఫార్మాటెందుకండీ," అంది నెమ్మదిగా. సీపీయూను తనే మళ్లీ గోనెసంచిలో చుట్టి ఇచ్చింది.

నాలుగు రోజులకు నా బావమరిది శివాజీ కొడుకును వెంటబెట్టుకుని షాపుకు వచ్చాడు. చేతిలో మాడుగుల హల్వా పొట్లం. కొడుకు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఏదో అయిపోయింది బావా. గుంటడు తిండి మానేసి కూకున్నాడు," అన్నాడు శివాజీ.

"ఎన్ని రోజులు మానేసేడు?"

"నాలుగు రోజులు."

"పదకొండేళ్లు మానెయ్యమను. అప్పుడు సూద్దాం."

శివాజీ పొట్లం టేబులు మీద పెట్టాడు. నేను దాన్ని మళ్లీ శివాజీ వైపే తోశాను.

"ఒరే, లోపలికి రా," అన్నాను ఉమామహేష్‌తో. వచ్చాడు. నల్ల డబ్బా తీసి వాడి అరచేతిలో పెట్టాను. "ఇది పెట్టిందెవడు?"

"నేనే."

"ముందు ఇది సూడమని సెప్పిందెవడు?"

"నువ్వే మావయ్యా."

"సూసేవా?"

శివాజీ మధ్యలోకి వచ్చాడు.

"సరే బావా, తప్పే. కాదన్లేదు. మళ్లీ పాడించుకుందాం. బండి వీడే నడుపుతాడు, ఊరూరా నేను తిప్పుతాను."

"పాడినోళ్లలో నలబై మంది పోయేరు. వాళ్లను కూడా మీవాడు కొత్తగా ఎక్కిస్తాడేటి?"

"మిగిలినోళ్లున్నారు కదా!"

"కొట్టేదెవరు? మీ యక్క ఉందేటి?"

అక్క మాట వచ్చేసరికి శివాజీకి కోపం వచ్చింది. వచ్చినప్పటి మెత్తదనం పోయింది.

"అక్క మాట ఎత్తేవు గనక అడుగుతన్నాను. ఆసుపత్రిలో మంచం మీదుండి నా ఎదటే నీకు సెప్పింది. పాటలు పెన్‌డ్రైవులోకి ఎక్కించి బీరువాలో పెట్టు అంది. ఒకసారి కాదు. ఎక్కించేవా బావా?"

రేవతి చెప్పింది. మూడుసార్లు చెప్పింది. ఎలా ఎక్కించాలో కూడా వేలితో దుప్పటి మీద గీసి చూపించింది. ముందు నువ్వు లేచి ఇంటికి రా, పాటల సంగతి తర్వాత చూద్దామని నేను కసిరాను. మూడోసారి కసిరాక ఆమె మళ్లీ అడగలేదు. పోయాక కూడా దాదాపు ఏడాది పాటు ఆ కంప్యూటర్ ముందే కూర్చున్నాను. పెన్‌డ్రైవులు మా షాపులోనే అమ్ముతాం.

"ఎక్కించలేదు," అన్నాను.

ఉమామహేష్ తలెత్తాడు. వచ్చినప్పటి నుంచి ఎత్తనివాడు అప్పుడు ఎత్తాడు. వాడి ముఖంలో కొంచెం తేలిక కనిపించింది. మోస్తున్న బరువుకు ఇంకొకడు భుజం కలిపినట్టు చూశాడు నావైపు.

పాటలు పోగొట్టినందుకంటే ఆ చూపుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. నేను చేయనిది నా తప్పు. అది నేను మోస్తాను. నేను పెన్‌డ్రైవులో ఎక్కించనందువల్ల వాడు చూడకుండా తుడిచేయడం ఒప్పు కాదు. నా తప్పును కప్పుకుని వాడు చలి కాచుకుంటానంటే ఒప్పుకోను.

"ఇద్దరూ బయటికి నడవండి," అన్నాను. "పొట్లం కూడా తీసుకెళ్లండి."

"బావా, సంవత్సరీకానికి మేం రావాలా, వద్దా?"

"నువ్వు రా. తోడబుట్టినోడివి. వాడు రానక్కర్లేదు."

"మావయ్యా..." అన్నాడు ఉమామహేష్. నేను జిరాక్సు మిషను మూత ఎత్తి అద్దం తుడవడం మొదలుపెట్టాను. అలికిడి ఆగేదాకా తుడుస్తూనే ఉన్నాను.

సంవత్సరీకం జరిగింది. శివాజీ వచ్చాడు, ఒక్కడే వచ్చాడు. భోజనాలయ్యాక పంచడానికి చేతిలో ఏమీ లేదు. కబురు అందుకుని పల్లెల నుంచి వచ్చిన ముసలమ్మలు తొమ్మిది మంది వసారాలో వరసగా కూర్చున్నారు. పుస్తకం ఏదని ఒకామె అడిగింది. లేదన్నాను. ఎప్పుడొస్తుందంది. రాదన్నాను. ఎందుకు రాదో చెప్పలేదు. శివాజీ నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాను. వాళ్లను ఆటో ఎక్కించి పంపేశాను.

ఎవడు ఏం చేశాడో, నేను ఏం చేయలేదో ఇక్కడ రాశాను. మళ్లీ రాయను. రేపు శివాజీ అడిగినా, వాడి కొడుకు వచ్చి కాళ్ల మీద పడినా, ఆ పాటల సంగతి ఇక నా నోట రాదు.