మూడో గేరు

క్లచ్ లేని సుకన్య ఆటోమేటిక్ కారు నర్సంపేట రోడ్డు మీదే మొరాయించేది. ఉన్నట్టుండి గేరు దీపం వెలిగి, బండి మూడో గేరులో ఇరుక్కుపోయేది. పక్కకు తీసి, ఆపి, మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు పోయేది. షెడ్డుకు తీసుకెళ్తే దానంత బుద్ధిమంతురాలు లేదు. ఇద్దరు మెకానిక్‌లు కంప్యూటర్ పెట్టి చూసి, గేరు సెన్సార్ మార్చి, చివరికి పోలియో వచ్చిన ఆమె ఎడమ కాలి వైపు చూసి "మీకే నడపరాదు మేడం" అని తేల్చేశారు.

అన్న రాకేష్ గడువు పెట్టాడు. ఈరోజు లోపం దొరికితే సరే, లేకుంటే కారు అమ్మకం. కారు పోతే బడిలో టీచరు పనీ పోతుంది. ఇక రోజంతా ఆ హాలు, ఆ టీవీ, వదిన జాలి.

ఖిలా వరంగల్‌లో కార్ల వైరింగ్ చేసే ముసలాయన ఫకీర్ మహమ్మద్ గంటసేపు నడిపి వచ్చాడు. దీపం వెలగలేదు.

"నేను చెప్తనే ఉన్న గదా," అన్నాడు రాకేష్.

"జర ఆగు బాబూ. బిడ్డా, నువ్వు నడుపు. రోజు ఎట్ల పోతవో అట్లనే. నేను పక్కన కూసుంట."

సుకన్య ఎక్కి, చంకకర్రను ఎప్పటిలా సీటు పక్కన గేరు వైపు దూర్చింది. ఇన్నాళ్లూ ప్రతి మెకానిక్కూ ఆ కర్రను ఎంతో మర్యాదగా తీసి ఆమె చేతికిచ్చాకే బండి నడిపాడు. ఆ మర్యాదే కొంప ముంచింది. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర కర్ర ఎగిరి కిందికి గుచ్చుకుంది. దీపం వెలిగింది.

తిరిగొచ్చి మ్యాట్ ఎత్తి చూస్తే, కర్ర దిగే చోట గేరు వైరు లోపల తెగి ఉంది. నొక్కితే విడిపోతోంది, వదిలితే కలుస్తోంది.

"అంటే నా వల్లనేనా చాచా?" ఏడుపు ఆపుకుంటూ అడిగింది సుకన్య.

"వైరు తెగితే నువ్వేం జేస్తవు బిడ్డా. ఫికర్ చెయ్యకు." ఆయన వైరు అతికి, గొట్టంలో పెట్టి, దూరంగా జరిపి కట్టాడు.

రాకేష్ ఫోను తీసి నంబరు కొట్టాడు. "మంచిగైంది. ఇగ బండికి వంక పెట్టరు. రేపొచ్చి తీస్కపోతరు."

"ఎవరు, అన్నా?"

"కొనేటోళ్లు. మొన్ననే మాటిచ్చిన."

"దొరికితే ఉంచుకొమ్మన్నవు గదా."

"దొరుకుతదని నేననుకున్ననా?"

ఫోన్లో అవతలివాళ్లు హలో అంటున్నారు. సుకన్యకు ఒళ్లు మండింది. పుట్టి బుద్ధెరిగాక అన్నకు ఎదురు చెప్పింది లేదు.

"కారు నా పేరు మీదున్నది. నేను సంతకం పెట్ట," అంది. ఫోను కోసం చెయ్యి చాపింది. "ఇటియ్యి, నేనే చెప్త."