శనక్కాయ చేలో పడ్డ రాయి

నేను ఒక ఉల్కను. వయసులో ఈ భూమికంటే కాస్త పెద్దదాన్నే అయినా, చూడ్డానికి మాడిన జొన్నరొట్టె ముక్కలా ఉంటాను. అంగారకుడికీ గురుడికీ మధ్య ఊరూ పేరూ లేకుండా కోట్ల ఏళ్లు తిరిగాను. మావాళ్లలో ఒకాయన ఎప్పుడో మహారాష్ట్రలో పడి లోణార్ సరస్సంత గుంత చేశాడు. నేను అనంతపురం పక్క ఒక శనక్కాయ చేలో పడి, కోడి పొర్లాడేంత గుంత చేశాను. ఎవరి స్తోమత వారిది.

మబ్బు తునక లేని మిట్టమధ్యాహ్నం ఆ చప్పుడు విని జనం పిడుగన్నారు. నిప్పులా కాలుతుంటానని భయపడి, చలవ చేస్తుందని నా మీద కుండెడు మజ్జిగ పోశారు. నిజానికి పైపైన మాడానే గానీ, లోపల ఇంకా ఆకాశపు చలితో బిగుసుకుపోయి ఉన్నాను. అయినా అంత దూరం నుంచి వచ్చిన నాకు మొదట మజ్జిగ పోసిన మర్యాదను మరిచిపోలేదు.

ఆ చేను సుంకులమ్మది. నేను పడినప్పుడు ఆమె మనవరాలు, ఐదేళ్ల మారెక్క, గట్టు మీదే ఆడుకుంటోంది. ఆ చప్పుడుకు దడుచుకుని మాట పడిపోయింది. తాయెత్తు కట్టారు, విభూతి పెట్టారు, ఆస్పత్రికి తీసుకెళ్లారు. పిల్ల పెదవి కదపలేదు. ఇక అవ్వా అని పిలవదేమోనని సుంకులమ్మకు ముద్ద దిగలేదు.

మనుషులకో అలవాటుంది. పిల్ల జారిపడితే నేలను కొడతారు, గడప తగిలితే గడపను కొడతారు. పాపం, అవి నోరు మూసుకుని దెబ్బలు తింటాయి. ఆ న్యాయం ప్రకారమే సుంకులమ్మ నన్ను వాకిట్లో పెట్టి, మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టి, నా బిడ్డను దడిపిస్తావా అంటూ చీపురుతో ఒకటేసింది. రెండోది వేయబోతుంటే మారెక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"కొట్టాకు అవ్వా. అంత పైనుంచి పడింది గదా, దానికీ దెబ్బ తగిలింటాది."

సుంకులమ్మ చీపురు పారేసి, పిల్లను వాటేసుకుని ఏడ్చింది. దెబ్బకు పసుపు పెట్టమని మారెక్క పట్టుబడితే, పసుపు తెచ్చి నాకు నిండుగా పట్టించింది. మర్నాడు ఆ పసుపు చూసి, అమ్మవారు వెలిసిందని ఊరంతా టెంకాయలు కొట్టింది. ఆ సందడి విని శాస్త్రవేత్తలు వచ్చి నన్ను తీసుకెళ్లారు.

ఇప్పుడు మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. నా వయసు రాశారు, బరువు రాశారు, నాలో ఇనుమెంతో రాశారు. ఎంతోమంది వచ్చి చూసి పోతుంటారు. ఎక్కడ తగిలిందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

తగిలింది మారెక్కా, గట్టిగానే తగిలింది. నువ్వు ఆ మాట అన్నాకే తగ్గింది తల్లీ.