లియుబెన్ కీ తీసేసిన రోజు

భర్త లియుబెన్ పోయిన నలభయ్యో రోజున, ఆనవాయితీ ప్రకారం ఉడికించి పంచదార కలిపిన గోధుమలు కాగితపు కప్పుల్లో పోసి ఆఫీసుకు తెచ్చింది రదొస్తినా. ఆఫీసు తలుపు మీద అతని ఫొటోతో ఉన్న మరణవార్త కాగితం అలాగే అంటుకుని ఉంది. రూసే పట్టణంలో డాన్యూబ్ నది నీటిమట్టం కొలిచే ఆ కార్యాలయంలో భార్యాభర్తలిద్దరూ ఎదురెదురు బల్లల దగ్గర పనిచేశారు. ఆమె వరద అంచనాలు కట్టేది. కంప్యూటర్లన్నీ లియుబెన్ చూసుకునేవాడు.

పై అధికారి కామెన్ ఒక కప్పు అందుకుని, "దేవుడు వాణ్ని మన్నించాలి" అన్నాడు. చెంచాడు నోట్లో వేసుకుని, "వాడే ఉంటే, నీకు షుగరుంది పెద్దాయనా అని లాక్కుని తినేసేవాడు" అన్నాడు.

"అతని వంతు కూడా మీరే తినండి అన్నా."

"ఆ కంప్యూటర్ కీల పని రేపు చూద్దాంలే అమ్మా."

"రేపు అతని చోటుకి కొత్తతను వస్తాడు. పోయిన మనిషికి తలుపులు తెరిచి పెట్టి అప్పగిస్తామా?"

అక్కడి సర్వర్లకు గానీ, వాటి లోపలే విడి కంప్యూటర్లలా నడిచే వర్చువల్ మెషీన్లకు గానీ పాస్‌వర్డ్‌లు లేవు. వాటి బదులు కీలే. ఒక్కో కీలో ఒక సగం మనిషి కంప్యూటర్‌లోనే ఉంటుంది. రెండో సగాన్ని ఒక్కో మెషీన్‌లో ఒక్కో వరుసగా రాసి, అది ఎవరిదో చివర గుర్తు పెడతారు. శరత్కాలంలో రదొస్తినా కొత్త లాప్‌టాప్ కొనుక్కుని, దాని కీని మెషీన్లలో రాయమని భర్తకిచ్చింది. అంతలోనే అతను మంచాన పడ్డాడు. అది ఎక్కడా ఎక్కలేదనే ఆమె అనుకుంది. కాబట్టి ముందు అతని లాప్‌టాప్ నుంచి, అతని పేరుతో లోపలికి వెళ్లి తన కీ రాసుకోవాలి. ఆ తర్వాతే అతనిది చెరపాలి.

ఆ లాప్‌టాప్ ముట్టుకోవడమే కష్టంగా ఉంది. ఆస్పత్రి మంచం మీద అతను దాన్ని తెరిచినప్పుడల్లా ఆమె విసుక్కునేది.

"ఆ సెలైన్ గొట్టం కూడా దానికే తగిలించు. నీకంటే దానికే ప్రాణం ఎక్కువ."

"ఇంకొక్కటే. అరవకే, నర్సు చూస్తోంది."

"ఎవరి కోసం చేస్తున్నావీ చాకిరీ?"

అతను టైపు చేస్తూనే ఉన్నాడు. ఆ రోజు ఆమె కోపంగానే ఇంటికి వెళ్లిపోయింది.

మొదటి సర్వర్ తెరిచింది. లియుబెన్ వరుస కింద మరో వరుస ఉంది. అది తన కీయే. చివర అతను పెట్టిన గుర్తు: రదొస్తినా, కోపం తగ్గాక.

రెండోది తెరిచింది. అందులోనూ ఉంది. చలికాలంలో, అతను ఆస్పత్రిలో ఉండగా కట్టిన వర్చువల్ మెషీన్లలో కూడా అదే వరుస, అదే గుర్తు.

ఆమె ఆ గుర్తును మళ్లీ చదివింది.

తర్వాత తన లాప్‌టాప్ నుంచి ఒక్కో మెషీన్‌లోకీ వెళ్లింది. అన్నీ ఆమెను రానిచ్చాయి. అన్నిట్లోనూ లియుబెన్ వరుస చెరిపింది. కానీ చెరిపినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. ఆ కీతోనే మళ్లీ ప్రయత్నించి, కాదనిపించుకోవాలి. దాన్ని ఇంకొకరు చూడాలి. ఈ పద్ధతి పెట్టింది లియుబెనే.

అతని లాప్‌టాప్ దగ్గరికి జరిగి ఒక్కోదాన్నీ పిలిచింది. ఒక్కోటీ అనుమతి లేదంది. నది లెక్కలుండే సర్వర్ ఒక్కటే మిగిలింది. ఆమె వేలు మీట మీద ఆగింది.

"నేను నొక్కనా?" అన్నాడు కామెన్.

"వద్దన్నా."

నొక్కి, తెర అతని వైపు తిప్పింది. కామెన్ కళ్లజోడు పెట్టుకుని వంగి, అనుమతి లేదన్న మాట చదివాడు.

"చూశానమ్మా" అన్నాడు.